సింగపూరు బిగువు

మద్రాసు నుంచి సింగపూరు
రెండువేల తొమ్మిదొందల చిల్లర కిలోమీటర్లు,
నాలుగు గంటల పది నిమిషాలు.
కార్గో గుమస్తా కాగితంలో ఉంటుంది.
ఇస్కపల్లి నుంచి మద్రాసు ఎంతో
ఆ కాగితంలో ఉండదు.
అది నా వంతు.

అమావాస్య వారం. ఎండ్రకాయకి కండ పట్టే రోజులు.
సాయంత్రం ఐదింటికి షెడ్డులో
పెంచలమ్మ పీట వాల్చుకుని కూచుంటుంది.
ఎడమకాలి బొటనవేలికి పురికొస ఉండ,
కుడి మడమ కింద బురద కారే పచ్చ ఎండ్రకాయ.
రెండు డెక్కలూ రొమ్ముకి ముడిచి
రెండు చుట్లు, ఒక మెలిక,
పంటితో పుటుక్కు.
నిమిషానికి మూడు.

"గట్టిగా బిగిస్తే ఊపిరాడక చస్తది అబ్బయా,
వదులుగా కడితే పక్కదాని కన్ను పెరుకుద్ది.
సింగపూరు దాకా పట్టే బిగువుంటే చాలు."

సూళ్లూరుపేట దాటి ఏ ఊరూ ఎరగదు.
ఆ నాలుగు గంటల పది నిమిషాలు మాత్రం
ఆమె చూపుడువేలి మీద
గాటు పడి ఉన్నాయి.

ఒకసారి అడిగింది,
"కాలేషా, ఎంత దవ్వు ఆ ఊరు?"

ఎట్లా చెప్పేది.
అల్లూరు, రాజుపాలెం, నెల్లూరు,
గూడూరు దగ్గర లారీల వరస,
నాయుడుపేటలో టీ,
తడ దాటితే అరవం బోర్డులు.
ఐదు గంటలు నేను తోలితే రెండొందల పది.
దానికి పధ్నాలుగింతలు సముద్రం పైన
నాకంటే ముందే దాటేస్తుంది విమానం, అన్నాను.

పురికొస చివర నోట్లో పెట్టుకుని
కాసేపు ఆలోచించింది.
"అయితే దవ్వంతా రోడ్డే.
ఆకాశం దగ్గిరే."

అక్కడ గడియారం కూడా
మనకంటే రెండున్నర గంటలు ముందు, అన్నాను.
"ఉండనీ. వీటికేం గడియారం?
ఈడ పోటొస్తే
బుట్టలో నురగ కక్కతాయి, చూడు."

నేను ఎక్కని ఆ విమానంలో
సీటు వాల్చుకుని పడుకున్నోళ్ళ కాళ్ళ కింద,
చీకట్లో, తడి గోనెల నడుమ,
మా ఇస్కపల్లి వాగు
వేళ తప్పకుండా పోటెక్కుతుందన్న మాట.

కార్తీకంలో వాయుగుండం పట్టింది.
ఆ రాత్రి విమానం లేదన్నారు.
రెండింటికి ఉందన్నారు. నాలుగింటికి మళ్ళీ లేదన్నారు.
గోనెల మీద నీళ్ళు చల్లుతూ
వ్యానులోనే కూచున్నా.
తెల్లారి షావుకారు ఫోను:
కాశిమేడులో సగానికి తోసెయ్, మిగిలినవి తీసుకురా.

ఒక బుట్ట మిగిలింది.
తడికి పురికొస ఉబ్బి
ముళ్ళు వాటంతట అవే బిగిశాయి.
తడ దగ్గర ఆపి చూస్తే
నాలుగు కదల్లేదు.

పెంచలమ్మ ఏమీ అనలేదు, ఒక్కటే అంది:
"నాలుగు గంటల ముడిని
పూటంతా మొయ్యమంటే ఎట్టా?"

వాగు ఒడ్డున కూచుని
కొడవలి మొనతో ఒక్కో కట్టూ తెంపింది.
పదకొండు ఎండ్రకాయలు బురద మీద
కట్టు తెగినా
డెక్కలు రొమ్ముకి ముడుచుకునే ఉన్నాయి.
నీళ్ళు రెండుసార్లు వాటిని తాకి వెనక్కి పోయాయి.

"ఇంకా సింగపూర్లోనే ఉండాయి," అంది.

చాలాసేపటికి ఒకటి
ఒక డెక్క విప్పింది.
గాలిని పట్టుకుంది. వదిలింది.
పక్కకి నడుస్తూ బురదలోకి దిగిపోయింది.

బుట్టకి పన్నెండు రూపాయల లెక్కన
నిన్నటి కూలి ఇస్తే
ఒక బుట్టది వెనక్కి ఇచ్చేసింది.
ఎందుకంటే చెప్పలేదు.

మళ్ళీ ఐదింటికి షెడ్డులో లైటు.
బొటనవేలికి కొత్త ఉండ.
మొదటి ఎండ్రకాయని మడమ కింద పెట్టి
నా వైపు తలెత్తి అడిగింది:
"ఈ పూట ఎన్ని గంటలకి కట్టమంటావ్?"